పాట మనది, చూపు వాళ్లది

"బాగుందా?" అని అడిగితే ఎవరైనా బాగుందనే అంటారు. అది అభిప్రాయం కాదు, మర్యాద. వీడియో పాటలు తీసే మిత్రులు ఈ సంగతి ముందుగా గ్రహించాలి.

భావనపాడు ఒడ్డున అలివి వల లాగే దృశ్యాలతో మేమొక పాట చిత్రించాం. దరువుకు తగ్గట్టు షాట్లు గబగబా మార్చాం. హాస్టల్లో ఈలలే ఈలలు! ఆ ఊళ్లోనే ఓ సాయంత్రం చూపిస్తే ఒక పెద్దాయన, "ఏటి బాబూ, అలా గుంజితే వల సిరిగిపోదా?" అన్నాడు. నిజమే. వల లాగడం నిదానం. అందరి అడుగులూ ఒక్కటిగా పడాలి. మా వేగం ఆ శ్రమనే మింగేసింది.

ఇది కొత్త పద్ధతేం కాదు. 1975-76లో 'సైట్' ఉపగ్రహ ప్రయోగం అప్పటి ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 గ్రామాలకు టీవీ చూపించింది. చూసేవాళ్ల స్పందన తెలుసుకోవడానికి పరిశోధకులు కొన్ని పల్లెల్లో మకామే పెట్టారు.

కనుక తెరను కాదు, మొహాలను చూడండి. ఎక్కడ కబుర్లలో పడ్డారో సెకన్లతో సహా రాసుకోండి. అయ్యాక "ఏం గుర్తుంది?" అని అడగండి. చెప్పిందల్లా మార్చనక్కర్లేదు (హీరోయిన్ ఏదీ అన్నవారూ ఉన్నారు!). ఇద్దరు ముగ్గురు ఒకే చోట అడ్డుపడితే ఆ చోటు మాత్రం సరిచేయాలి. మేం వల లాగే షాటును 30 సెకన్లు కోయకుండా ఉంచాం. ఈసారి ఊళ్లో పిల్లలు తమ నాన్నల్ని గుర్తుపట్టారు. హాస్టల్లో మాత్రం ఈలలు తగ్గాయి.