పొగాకు పండే గ్రామాల్లో ఆరోగ్య బోధన: పచ్చి ఆకుతో ఆరంభం

ప్రకాశం జిల్లాలో వర్జీనియా పొగాకు పండించే కుటుంబాల పిల్లలకు సిగరెట్ బొమ్మతో పాఠం మొదలుపెడితే, అది తల్లిదండ్రుల జీవనోపాధిపై నిందగా వినిపిస్తుంది. వారెరిగిన పచ్చి ఆకుతో ఆరంభించడం సముచితం. నికోటిన్ నీటిలో కరుగుతుంది. మంచుకు తడిసిన ఆకును తాకినపుడు అది చర్మం గుండా శరీరంలోకి చేరి వికారం, వాంతులు, తలనొప్పి, తలతిరుగుడు కలిగిస్తుంది.

తరగతిని నలుగురైదుగురు గల బృందాలుగా విభజించి, మనిషి ఆకృతి గీసిన చార్టుపై ఆకు కోత, మోత, కర్రలకు అల్లడం వంటి పనులలో ఆకు తాకే భాగాలను గుర్తింపజేయాలి. చేతుల వద్దే ఆగిన బృందాన్ని, కోసిన ఆకును చంకలో ఇరికించుకొనేవారు లేరా అని అడగవచ్చు. తరువాత సిరాలో ముంచి ఆరబెట్టిన రెండు గుడ్డముక్కలలో ఒకదానిని తడిపి, రెండింటినీ అరచేతితో నొక్కించాలి. పొడిగుడ్డ కంటే తడిగుడ్డే రంగును ఎక్కువగా అంటిస్తుంది. (నిజమైన పచ్చి ఆకును మాత్రం తరగతికి తేరాదు.) మంచు ఆరిన పిదప కోయడం, చేతితొడుగులు ధరించడం వంటి జాగ్రత్తలను అపుడు విద్యార్థులే సూచించగలరు. చర్మం గుండా చేరే నికోటిన్‌ను గ్రహించినవారికి పొగలోని నికోటిన్‌ను, వ్యసనాన్ని వివరించడం కష్టం కాదు.

విద్యాసంస్థలకు 100 గజాల లోపు పొగాకు ఉత్పత్తుల విక్రయాన్ని 2003 నాటి చట్టం నిషేధించింది. ఆ దూరాన్ని పాఠశాల ప్రహరీ గోడ లేదా కంచె వెలుపలి అంచు నుండి పిల్లల చేతనే తాడుతో కొలిపించాలి.