ఆల్బమ్ ఎవరి పేరు మీద ఉంది?

కార్తీకమాసం వస్తే చింతలపూడి నుంచి గుంటుపల్లి గుహల వైపు వనభోజనాల బృందాలు బయల్దేరతాయి. చలికాలంలో ఆటపాక వెళ్లి గూడబాతులను చూసొచ్చేవాళ్లు ఉంటారు. పదో తరగతి బ్యాచ్‌ల కలయికలు, వాకర్స్ క్లబ్బుల రక్తదాన శిబిరాలు సరేసరి. సాయంత్రానికల్లా వాట్సాప్ గ్రూపు ఫోటోలతో నిండిపోతుంది. కొన్నేళ్ల తర్వాత ఒక సభ్యుడు కన్నుమూశారనుకోండి. సంతాపసభ ఫ్లెక్సీకి ఆయన నవ్వుతున్న ఫోటో కావాలి. ఎవరి ఫోన్లోనూ ఉండదు. దొరికిన ఒక్కటీ పెద్దది చేస్తే ముఖం చెదిరిపోతుంది.

వాట్సాప్‌ను తప్పుపట్టలేం. త్వరగా చేరాలని అది ఫోటోను కుదించి పంపుతుంది. డాక్యుమెంటుగా పంపితే అసలు సైజులోనే చేరుతుంది, కానీ ఆ శ్రద్ధ తీసుకునేవాళ్లు తక్కువ. క్లబ్బు జ్ఞాపకాలకు వేరే చోటు వెతకాల్సిందే.

వెతకగానే అందరూ అడిగేది, ‘ఏది ఫ్రీ?’ ఆ ప్రశ్నను చివరికి నెట్టండి. ఒకప్పుడు మనవాళ్లంతా ఫోటోలు పెట్టుకున్న ఆర్కుట్ 2014 సెప్టెంబరు 30న మూతపడింది. పికాసా వెబ్ ఆల్బమ్స్ 2016లో పోయింది. ఫ్లికర్ 2013లో ఒక టెరాబైట్ ఉచితమంది. 2018లో స్మగ్‌మగ్ అనే సంస్థ చేతికి వచ్చాక ఉచిత ఖాతాకు 1,000 ఫోటోల హద్దు పెట్టింది. గూగుల్ ఫోటోస్ 2015లో ఎన్నైనా దాచుకోమంది; 2021 జూన్ 1 నుంచి జీమెయిల్, డ్రైవ్‌లతో కలిపి 15 జీబీలే. వీళ్లు మనల్ని మోసం చేశారని నేననను. అంత సరంజామా నడపడానికి డబ్బు కావాలి, లెక్కలు మారతాయి. మారతాయని ముందే అనుకుని అడుగు వేయడం మన పని.

అందుకే చేరకముందే బయటికొచ్చే దారి చూడండి. గూగుల్‌కు టేకౌట్ ఉంది, మొత్తం ఒకేసారి దించుకోవచ్చు. మీరు ఎంచుకున్న సర్వీసులో ముందు పది ఫోటోలు ఎక్కించి, తిరిగి దించండి. సైజు తగ్గిందా? తీసిన తేదీ అలాగే ఉందా? అరగంట పని. ఆ అరగంట ఓపిక పట్టినవాళ్ల మాటకే రేపు క్లబ్బులో విలువ ఉంటుంది.

అంతకన్నా పెద్ద చిక్కు ఖాతా ఎవరిదన్నది. క్లబ్బు డబ్బు బ్యాంకులో వేస్తే ఇద్దరి సంతకాలు ఉండాలంటాం. ఆల్బమ్‌ను మాత్రం ఉత్సాహం ఉన్న ఒక కుర్రాడి సొంత మెయిల్ మీద వదిలేస్తాం. గూగుల్ షేర్డ్ ఆల్బమ్‌లో ఎవరు పెట్టిన ఫోటో వారి ఖాతాలోనే ఉంటుంది. ఎవరైనా అలిగి ఆల్బమ్ నుంచి బయటికి వెళ్తే వారు పెట్టినవీ వెళ్లిపోతాయి. రెండేళ్లు వాడని ఖాతాను గూగుల్ తొలగించవచ్చు. కాబట్టి క్లబ్బు పేరుతో ఒక మెయిల్ తెరవండి. పాస్‌వర్డ్ ఇద్దరికి తెలియాలి. లయన్స్, రోటరీ క్లబ్బుల్లో జులై 1న కొత్త కార్యవర్గం వచ్చేటప్పుడు మినిట్స్ పుస్తకంతోపాటు ఇదీ చేతులు మారాలి. ఓటీపీ వెళ్లే ఫోన్ నంబరు కూడా మార్చాలి, చాలామంది మరిచేది అదే.

నన్నడిగితే, పెద్దవాళ్లు ఎక్కువున్న క్లబ్బుకు గూగుల్ ఫోటోస్ మేలు. ఆండ్రాయిడ్ ఫోన్లలో చాలావరకు ముందే ఉంటుంది, కొత్తగా నేర్పాల్సింది తక్కువ. 15 జీబీ నిండితే చందాల్లోంచి కట్టండి, మొహమాటం వద్దు. కొల్లేరు పక్షుల ఫోటోలు శ్రద్ధగా తీసేవాళ్లకు ఫ్లికర్ నచ్చుతుంది, అయితే ఉచిత ఖాతాలో బయటివారికి కనపడకుండా దాచుకునేవి 50కి మించవు. ఏది ఎంచుకున్నా, ఒక కాపీ హార్డ్ డిస్కులో మరొకరి ఇంట్లో ఉండాలి.

ఇంకొక్క మాట, ఇది నాకు అన్నిటికన్నా ముఖ్యం. లింకు చేతికందితే సభ్యుడు కానివారూ ఆల్బమ్ తెరవగలరు. ఆడవాళ్ల ఫోటోలు, పిల్లల ఫోటోలు పెట్టేముందు వాళ్లనో, తల్లిదండ్రులనో అడగండి. తీసేయమంటే కారణం అడక్కుండా వెంటనే తీసేయండి.

వచ్చే సమావేశంలో అజెండా చదవగానే లేచి, ‘మన ఆల్బమ్ ఓటీపీ ఎవరి నంబరుకు వస్తోందండీ?’ అని అడగండి. జవాబు చెప్పగలిగినవాళ్లు అక్కడ లేకపోతే, టీ వచ్చేలోపు ఇద్దరి పేర్లు రాసి తీర్మానం చేయించండి.