బులెటిన్ బోర్డు ప్రధానపట్టిక: అక్షరాజ్ఞలు

1978లో అమెరికాలోని చికాగో నగరమున వార్డ్ క్రిస్టెన్సన్, రాండీ స్యూస్ అనువారలు టెలిఫోను తీగద్వారా నడచు తొలి కంప్యూటర్ బులెటిన్ బోర్డును నెలకొల్పిరి. పత్తర్‌గట్టి రాతి అంగళ్ల వరుసలో ముత్యముల కొకటి, వస్త్రముల కొకటి యున్నట్లే, అట్టి బోర్డుల ప్రధానపట్టికలో పని కొక యక్షర ముండెడిది. పెక్కింటిలో వాడుక యిది:

బి: ప్రకటనలు.
ఆర్: జాబులు చదువుట.
ఇ: జాబు వ్రాయుట.
ఎఫ్: ఫైళ్లు.
జి: సెలవు.

వీనిలో ముఖ్యమైనది కడపటిది. చాల బోర్డులకు తీగ యొక్కటియే. మీది చేనివాడు మడవ కట్టనిదే క్రింది చేనికి నీరందనట్లు, ఒకరు సెలవు గైకొననిదే మరొకరికి సందు దొరకకుండెను. కావున ప్రశ్నను ముందే వ్రాసికొని, పని తీరగనే తప్పుకొనుట మర్యాద.

నేడు 1800-180-1551 సంఖ్యకు, కిసాన్ కాల్ సెంటరునకు, ఫోను చేయువారును పంట పేరు, వయస్సు, తెగులు గుర్తులు ముందుగా వ్రాసికొనవలెను.