సమ్మా ఆజీవో: మన యువత పెట్టే వ్యాపారం ఎలా ఉండాలి?



ఖైరతాబాద్ చుట్టుపక్కల ఉండే మనకు అమీర్‌పేట కొత్త కాదు. మైత్రీవనం దగ్గర పొద్దున్నే మొదలయ్యే సాఫ్ట్‌వేర్ కోర్సులు, ఇరుకు హాస్టల్ గదులు, ఊళ్లో అప్పు చేసి అమ్మానాన్న పంపిన ఫీజు డబ్బులు, ఇవన్నీ మన పిల్లలు చూసినవే. అందరికీ ఉద్యోగాలు రావడం లేదు. అందుకే కొందరు, "నేనే ఒక సంస్థ పెడతా, పదిమందికి పని ఇస్తా, సమాజానికీ మేలు చేస్తా" అంటున్నారు. దీన్నే సామాజిక వ్యాపారం అంటున్నారు. దీన్ని ధమ్మం ఎలా చూస్తుందో ఈ పాఠంలో తెలుసుకుందాం.

సంపాదన తప్పు కాదు

బుద్ధుడు గృహస్థులను పేదగా ఉండమనలేదు. వ్యగ్ఘపజ్జ సుత్తంలో కోలియ గృహస్థుడు దీఘజానుకి నాలుగు మాటలు చెప్పాడు: పనిలో నేర్పు, శ్రమ ఉండాలి, న్యాయంగా సంపాదించినదాన్ని కాపాడుకోవాలి, మంచివాళ్లతో స్నేహం చేయాలి, రాబడి చూసి ఖర్చు పెట్టాలి. సిగాలోవాద సుత్తంలో రాబడిని నాలుగు భాగాలు చేసి రెండు భాగాలు పనిలోనే పెట్టమన్నాడు. అయితే ఆయుధాలు, ప్రాణులు, మాంసం, మత్తు, విషం, ఈ ఐదింటి వ్యాపారం ఉపాసకుడికి తగదన్నాడు. అష్టాంగ మార్గంలో ఇది సమ్మా ఆజీవో, అంటే సరైన బతుకుదెరువు. బాబాసాహెబ్ మనతో చేయించిన 22 ప్రతిజ్ఞల్లో ఈ మార్గమూ ఉంది.

చేయి అందించిన వ్యాపారం

మచిలీపట్నం దగ్గరి సీతారామపురంలో పుట్టిన బొల్లా శ్రీకాంత్‌కి పుట్టుకతోనే చూపు లేదు. బేగంపేటలోని దేవ్‌నార్ అంధుల పాఠశాలలో చదివాడు. పదో తరగతి తర్వాత సైన్స్ తీసుకోవడానికి వీల్లేదంటే కోర్టుకెళ్లి గెలిచాడు. అమెరికాలో ఎంఐటీలో చదివి తిరిగొచ్చి, 2012లో హైదరాబాద్‌లో బొల్లాంట్ ఇండస్ట్రీస్ మొదలుపెట్టాడు. పాత కాగితం వంటి వాటితో ప్యాకింగ్ సామాను చేసే ఆ సంస్థలో వికలాంగులకు ఉద్యోగాలిచ్చాడు. ఇక్కడ గమనించండి: అది దానం కాదు, జీతం. చేయి చాచే స్థితి నుంచి పని చేసే స్థితికి తేవడమే అసలైన కరుణ.

దారి తప్పిన చోటు

రెండో ఉదాహరణ కూడా మన దగ్గరిదే. పేద ఆడవాళ్లకు తాకట్టు లేకుండా చిన్న అప్పులిచ్చే మైక్రోఫైనాన్స్ సామాజిక సేవగానే మొదలైంది. 1997లో స్వచ్ఛంద సంస్థగా మెదక్ జిల్లాలో పుట్టిన ఎస్‌కేఎస్ తర్వాత కంపెనీగా మారి, 2010లో షేర్ మార్కెట్‌కి వెళ్లింది. ఆ ఏడాదే ఈ రంగం మొత్తం మీద ఫిర్యాదులు వెల్లువెత్తాయి. ఒకే మనిషికి నాలుగైదు అప్పులు, వారం వారం కిస్తీ, కట్టకపోతే గ్రూపులో అందరి ముందూ అవమానం. ఆత్మహత్యల వార్తలు వచ్చాయి. 2010 అక్టోబర్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది. వసూళ్లు ఆగిపోయి ఆ రంగమే రాష్ట్రంలో కుప్పకూలింది.

మొదలుపెట్టినవాళ్ల ఉద్దేశం చెడ్డదని మనం అనక్కర్లేదు. ఎదగాలన్న తొందర అప్పు తీసుకున్న అక్క కష్టం కంటే పెద్దదైపోయింది. దాన్నే మన ధమ్మం తణ్హ అంటుంది. బోర్డు మీద 'సామాజిక' అని రాసినంత మాత్రాన తణ్హ పోదు.

మూడు ప్రశ్నలు

వ్యాపారం మొదలుపెట్టే తమ్ముడూ, చెల్లీ, ముందు ఇవి అడుక్కోండి:

1. నా లాభం ఎవరి జేబులోంచి వస్తోంది? వాళ్లకి నిజంగా మేలు జరిగిందా?
2. నష్టం వచ్చిన నెలలో ముందు ఎవరి మీద భారం వేస్తాను? పనివాళ్ల మీదా, నా మీదా?
3. నా దగ్గర పనిచేసే మనిషి తలెత్తుకుని నిలబడగలడా?

మూడో ప్రశ్న మనకు మరీ ముఖ్యం. లండన్ నుంచి వచ్చాక బాబాసాహెబ్ బొంబాయిలో పెట్టుబడుల సలహా వ్యాపారం పెడితే, ఆయన కులం తెలిసి జనం రావడం మానేశారు. ఆ అవమానం తెలిసిన జాతి మనది. మన దుకాణంలో అది ఇంకొకరికి జరగకూడదు.

ఆచరణ

డబ్బు లేదని ఆగిపోకండి. ఎస్సీ, ఎస్టీ పారిశ్రామికవేత్తల కోసం తెలంగాణ ప్రభుత్వం 2014లో టి-ప్రైడ్ తెచ్చింది. 2016లో మొదలైన స్టాండప్ ఇండియా 10 లక్షల నుంచి కోటి రూపాయల దాకా బ్యాంకు రుణం కోసం పెట్టిన పథకం. ఇప్పుడు ఏది అమల్లో ఉందో బ్యాంకులో, జిల్లా పరిశ్రమల కేంద్రంలో అడగండి. ఒంటరిగా పోకండి. లెక్కలు తెలిసిన ఒక కల్యాణ మిత్రుణ్ణి వెంటబెట్టుకోండి.

ఈ ఆదివారం విహారంలో వందన అయ్యాక ఈ మూడు ప్రశ్నలు చర్చించండి. వ్యాపారం పెట్టాలనుకునే యువతీయువకులను ముందు మాట్లాడనివ్వండి. పెద్దలు ఓపికగా వినండి.

జై భీమ్. నమో బుద్ధాయ.