రంగుల కింద రాళ్లు: పాత పటాలను పిల్లలతో కలిసి చదవడం ఎలా?

సాంఘిక శాస్త్రం పరీక్షలో పటం మీద స్థలాలు గుర్తించే ప్రశ్నకు మన పిల్లల్లో చాలామంది పూర్తి మార్కులు తెచ్చుకుంటారు. గోదావరి ఎటు పారుతుందో, సింగరేణి గనులు ఎక్కడున్నాయో వేలు పెట్టి చూపిస్తారు. అదే పిల్లలను ఒక్క ప్రశ్న అడిగి చూడండి: "బొగ్గు సింగరేణిలోనే ఎందుకుంది? కడపలో ఎందుకు లేదు?" చాలాసార్లు జవాబు రాదు. పటం మీద చుక్క ఎక్కడ పెట్టాలో నేర్పాం గానీ, ఆ చుక్క అక్కడికి ఎలా వచ్చిందో చెప్పలేదు.

ఈ ప్రశ్నకు జవాబు దొరికే దారి ఒకటుంది. అది రెండు వందల ఏళ్ల నాటి ఒక పటం గుండా వెళుతుంది. ఒకప్పుడు ఆ పటం అసలు ప్రతిని చూడాలంటే విదేశీ గ్రంథాలయాలకు వెళ్లాల్సి వచ్చేది. ఇప్పుడు ఇంట్లో కంప్యూటర్ మీద ఉచితంగా తెరుచుకుంటుంది.

కమ్మరి కొడుకు గీసిన పటం

విలియం స్మిత్ 1769లో ఇంగ్లండ్‌లోని ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో, చర్చిల్ అనే పల్లెలో పుట్టాడు. తండ్రి కమ్మరి. స్మిత్‌కు ఎనిమిదేళ్లప్పుడే ఆయన చనిపోయాడు. ఊరి బడి చదువు తప్ప స్మిత్‌కు కాలేజీ చదువు లేదు. భూములు కొలిచే సర్వేయర్ పని నేర్చుకుని, 1790లలో సోమర్సెట్ ప్రాంతపు బొగ్గు గనుల్లోనూ, అక్కడి బొగ్గును తరలించడానికి తవ్విన కాలువ మీదా పనిచేశాడు.

గనిలోకి దిగినప్పుడు ఆయన ఒక సంగతి గమనించాడు. రాతి పొరలు ఒక వరుసలో ఉన్నాయి. పక్క గనిలోనూ అదే వరుస. కాలువ తవ్వినచోట కూడా పొరలు ఒక క్రమంలోనే, ఒకే వైపుకు వాలి కనిపించాయి. అలమరలో ఒక పక్కకు ఒరిగిన పుస్తకాల వరుసను ఊహించుకోండి. పైనుంచి చూస్తే ఒక్కో పుస్తకం అంచు మాత్రమే కనిపిస్తుంది. నేల మీద మనకు కనిపించే రాయి కూడా అలాంటి అంచే. మిగతా పొర వాలుగా లోపలికి వెళ్లి ఉంటుంది.

ఇక్కడ ఒక చిక్కుంది. రెండు వేర్వేరు పొరలు చూడటానికి ఒకేలా ఉండవచ్చు. వాటిని వేరుగా గుర్తుపట్టేది ఎలా? స్మిత్‌కు శిలాజాలు దారి చూపాయి. ఒక్కో పొరలో ఒక్కో రకం గవ్వలు, జీవుల అవశేషాలు ఉన్నాయి. రాయి రంగు మోసం చేసినా శిలాజం చేయదు. ఈ ఆధారంతో ఆయన ఏళ్ల తరబడి వేల మైళ్లు తిరిగి, ఇంగ్లండ్, వేల్స్, స్కాట్లండ్‌లో కొంత భాగం కలిపి ఒక భూగర్భ పటం తయారుచేశాడు. 1815లో అచ్చయిన ఆ పటం 15 షీట్లు. అన్నీ కలిపి అతికిస్తే దాదాపు ఎనిమిదిన్నర అడుగుల ఎత్తు, ఆరడుగుల వెడల్పు. అంటే మన ఇంటి గది గోడంత. స్కేలు అంగుళానికి 5 మైళ్లు. రంగులన్నీ చేత్తో వేసినవే. ఒక్కో పొర అడుగు భాగం వచ్చే గీత దగ్గర రంగు చిక్కగా, అక్కడి నుంచి పైకి పోయేకొద్దీ పలుచగా ఉంటుంది. ఆ ఒక్క ఉపాయంతో ఏ పొర కింద, ఏ పొర పైన అన్నది చూడగానే తెలుస్తుంది.

రంగుకు డబ్బు విలువ

ఈ పటం వల్ల ఎవరికేం లాభం? ఆ రోజుల్లో ఇంగ్లండ్‌లో బొగ్గు అంటే సంపద. నల్లటి మట్టిరాయి కనిపిస్తే చాలు, కింద బొగ్గు ఉందనుకుని భూస్వాములు గోతులు తవ్వించేవారు. డబ్బు పోసి తవ్వినా కొన్ని చోట్ల ఏమీ దొరికేది కాదు. పొరల వరుస తెలిసినవాడు అక్కడ తవ్వకముందే చెప్పగలడు: ఈ రాయి బొగ్గు పొరల కన్నా చాలా పైన ఉండేది, ఇక్కడ తవ్వితే ఖర్చే మిగులుతుంది అని. పటంలోని ప్రతి రంగూ నిజానికి ఒక అంచనా. "ఈ నేల కింద ఫలానా రాయి ఉంది" అని పటం వేసిన మనిషి చెబుతున్నాడు. గోయి తవ్వితే అది నిజమో కాదో తేలిపోతుంది.

స్మిత్ జీవితం మాత్రం సాఫీగా సాగలేదు. లండన్‌లోని జియలాజికల్ సొసైటీ అధ్యక్షుడు జార్జ్ గ్రీనో ఆధ్వర్యంలో 1820లో మరో భూగర్భ పటం వెలువడింది. స్మిత్ పటం కన్నా తక్కువ ధరకు అమ్ముడైంది. అంతకు ముందే, 1819లో, స్మిత్ అప్పులు తీర్చలేక జైలుపాలయ్యాడు. దశాబ్దం గడిచాక, 1831లో, అదే సొసైటీ తన మొట్టమొదటి వొల్లాస్టన్ పతకాన్ని ఆయనకిచ్చి గౌరవించింది. 1865లో వచ్చిన గ్రీనో పటం ముద్రణలో, అది స్మిత్ 1815 పటం ఆధారంగా తయారైందన్న మాట చేర్చారు. ఒకరి శ్రమను వాడుకున్నప్పుడు వారి పేరు చెప్పడం ఎందుకు అవసరమో పిల్లలకు వివరించడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు. ప్రాజెక్టు పనికి ఇంటర్నెట్ నుంచి బొమ్మలు తీసుకునే పిల్లలకు ఈ మాట మరీ ముఖ్యం.

ఇల్లందులో బొగ్గు, కడపలో బండ

మన దేశంలో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా 1851లో మొదలైంది. ఆ సంస్థకు చెందిన విలియం కింగ్ 1871లో ఇల్లందు దగ్గర బొగ్గు నిక్షేపాలను గుర్తించాడు. ఆ తర్వాత అక్కడ వెలసిన గనులే నేటి సింగరేణికి పునాది. 1920లో సింగరేణి కాలరీస్ అన్న పేరుతో కంపెనీ ఏర్పడింది. అదే కింగ్ కడప, కర్నూలు ప్రాంతపు రాళ్ల మీద 1872లో ఒక పెద్ద నివేదిక ప్రచురించాడు. అంటే మొదట్లో మనం వేసుకున్న ప్రశ్నలోని రెండు చోట్లనూ ఒకే మనిషి పరిశీలించాడు.

ఇప్పుడు జవాబు చూద్దాం. బొగ్గు అంటే పూడిపోయిన చెట్లూ చేమలూ. గోదావరి లోయలో బొగ్గున్న పొరలు సుమారు 25 నుంచి 30 కోట్ల ఏళ్ల నాటివి. అప్పటికి నేల మీద దట్టమైన వృక్షసంపద ఉంది. కడప రాళ్లలో ఎక్కువ భాగం వంద కోట్ల ఏళ్లకు పైబడినవి. నేల మీద మొక్కలు పుట్టడానికి ఎంతో ముందే అవి ఏర్పడ్డాయి. వాటిలో కనిపించే జీవుల ఆనవాళ్లు సూక్ష్మజీవులు కట్టిన పొరలు మాత్రమే. చెట్టే లేని కాలంలో బొగ్గు ఎక్కడి నుంచి వస్తుంది? అందుకే కడప మనకు బొగ్గు ఇవ్వలేదు. వంటింటి గట్టుకు, అలమర అరలకు వాడే నల్ల బండను ఇచ్చింది.

హైదరాబాద్ చుట్టుపక్కల నేల మరో కథ చెబుతుంది. అక్కడున్నది గ్రానైట్. కరిగిన రాతి ముద్ద భూమి లోపలే చల్లారి గట్టిపడితే ఏర్పడేది కాబట్టి అందులో బొగ్గు ప్రశ్నే లేదు. పైగా గట్టి గ్రానైట్‌లో నీరు నిలవదు. పైనున్న శిథిలమైన పొరలోనూ, రాతి పగుళ్లలోనూ మాత్రమే ఉంటుంది. ఒకే వీధిలో ఒకరింట్లో బోరు పడి, పక్కింట్లో పడకపోవడానికి ఇదొక ముఖ్య కారణం. గోదావరి, కృష్ణా డెల్టాల్లో ఉన్నది నది తెచ్చిన ఒండ్రు కాబట్టి అక్కడ నీటి తీరు వేరు. అపార్ట్‌మెంటు సమావేశాల్లో మనం మాట్లాడుకునే నీటి కష్టానికీ, భూగర్భ పటంలోని రంగుకూ సంబంధం ఉందని పిల్లలకు తెలిస్తే, ఆ రంగు ఇక మరచిపోరు.

ఎక్కడ చూడవచ్చు?

పాత పటాలు ఇప్పుడు డిజిటల్ గ్రంథాలయాల్లో భద్రంగా ఉన్నాయి. కాగితం పెళుసుబారుతుంది. చేత్తో వేసిన రంగు వెలుతురుకు వెలిసిపోతుంది. ప్రతి పాఠకుడి చేతికీ అసలు ప్రతిని ఇవ్వలేరు. అందుకే గ్రంథాలయాలు వాటిని అతి స్పష్టంగా స్కాన్ చేసి ఉంచుతున్నాయి. తెర మీద పెద్దది చేసుకుంటే, భూతద్దంతో చూసినట్టు ఊరి పేర్లు కూడా చదవవచ్చు.

అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంతో కలిసి నడిచే డేవిడ్ రమ్సీ పటాల సేకరణలో లక్షకు పైగా పటాలు ఉన్నాయి. స్కాట్లండ్ జాతీయ గ్రంథాలయం వెబ్‌సైటులో పాత పటాన్ని నేటి పటం పక్కన పెట్టి, రెండింటినీ ఒకేసారి జరుపుతూ పోల్చవచ్చు. టెక్సస్ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో 1950లలో అమెరికా సైన్యం వేయించిన భారతదేశపు పటాలు ఉన్నాయి. వాటి స్కేలు 1:2,50,000. అంటే పటంలో ఒక సెంటీమీటరు, నేల మీద రెండున్నర కిలోమీటర్లు. మన దేశపు భూగర్భ సమాచారం కోసం జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా వారి భూకోశ్, ఉపగ్రహ చిత్రాల కోసం హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం వారి భువన్ ఉన్నాయి.

వెతికేటప్పుడు ఒక చిన్న కిటుకు గుర్తుంచుకోవాలి. పాత పటాల్లో ఊళ్ల పేర్లు పాతవే. విజయవాడ అని కొడితే దొరకకపోవచ్చు, బెజవాడ అని వెతకాలి. అలాగే కాకినాడకు కోకనాడ, మచిలీపట్నానికి మసూలిపటం, ఏలూరుకు ఎల్లోర్. కడప పేరును ఇంగ్లిషులో 'సి' అక్షరంతో మొదలుపెట్టేవారు. తాతయ్యలను, అమ్మమ్మలను అడిగితే ఈ పేర్లలో కొన్ని వెంటనే చెబుతారు. ఆ పని వారికే అప్పగించండి.

ఆదివారం అరగంట

పిల్లలతో కూర్చుని మీ సొంత ఊరు ఉన్న పాత పటం ఒకటి, నేటి పటం ఒకటి తెరవండి. ఆ తర్వాత ఈ నాలుగు ప్రశ్నలు అడగండి.

1. ఈ పటాన్ని ఎవరు, ఎందుకు వేశారు? సైన్యం వేసిన పటంలో దారులు, వంతెనలు, గుట్టలు ముఖ్యం. భూవిజ్ఞాని పటంలో రాయి ముఖ్యం. పన్నుల కోసం వేసిన పటంలో పొలం హద్దు ముఖ్యం. ఎవరికి ఏది కావాలో అదే పటంలో కనిపిస్తుంది.

2. అచ్చయిన ఏడాది ఏది? సర్వే చేసిన ఏడాది ఏది? ఈ రెండూ ఒకటి కావు. పాత సర్వేల ఆధారంగా కొత్తగా అచ్చువేసిన పటాలు ఎన్నో ఉన్నాయి. ఆ వివరం పటం అంచున ముద్రించి ఉంటుంది.

3. రంగులకూ గుర్తులకూ అర్థం ఏమిటి? మూలనున్న సూచికను ముందు చదివించండి. చాలామంది పిల్లలు దాన్ని చూడకుండానే పటంలోకి దూకుతారు.

4. అప్పుడున్నది ఇప్పుడు ఏది లేదు? అప్పుడు లేనిది ఇప్పుడు ఏముంది? నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరులో శంకుస్థాపన జరిగింది. అంతకు ముందరి సర్వేతో వేసిన పటంలో అక్కడ జలాశయం ఉండదు. కృష్ణా నది లోయ, దానిలో ఊళ్లు ఉంటాయి. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి శిథిలాలున్న నాగార్జునకొండ లోయ అదే. నేటి పటంలో ఆ చోటంతా నీలం రంగు. కొండ కొన మాత్రం ద్వీపంగా మిగిలింది.

ఆరు, ఏడు తరగతుల పిల్లలకు మూడో ప్రశ్న, నాలుగో ప్రశ్న చాలు. ఎనిమిది నుంచి పది వరకు చదివేవారు నాలుగూ చేసి, ఒక పేజీలో రాయాలి. రాసేటప్పుడు పటం పేరు, వేసినవారి పేరు, ఏడాది, స్కేలు, అది ఉన్న గ్రంథాలయం పేరు తప్పనిసరిగా పైన ఉండాలి. ఆ పేజీని సాంఘిక శాస్త్రం టీచర్‌కు చూపించమనండి.

నాలుగో ప్రశ్నకు మీ కాలనీ ఉన్నచోట పాత పటంలో చెరువు కనిపించిందనుకోండి, కంగారు పడకండి. పాత పటంలో స్థలాలు కొంత అటూ ఇటూ జరిగి ఉండవచ్చు. చిన్న స్కేలు పటంలో ఒక మిల్లీమీటరు తేడా నేల మీద వందల మీటర్లవుతుంది. హద్దులు తేల్చడానికి రెవెన్యూ, నీటిపారుదల శాఖల రికార్డులే ఆధారం. కానీ ఒక స్థలం కొనే ముందు ఆ ప్రాంతపు పాత పటం తెరిచి, "ఇక్కడ ఇంతకు ముందు ఏముండేది?" అని అడిగే అలవాటు మన పిల్లలకు ఇప్పుడే వస్తే, పెద్దయ్యాక అది వాళ్లను ఎన్నో నష్టాల నుంచి కాపాడుతుంది. గోయి తవ్వించే ముందు స్మిత్‌ను అడిగిన భూస్వామికి డబ్బు మిగిలింది కదా, ఇదీ అంతే.