ఆఖరి పిల్లి ఎక్కడ?

సెలవు రోజున అమ్మ సెల్‌ఫోనులోనో, ఇంట్లోని కంప్యూటరులోనో పిల్లులను వెదికే ఆట మీలో కొందరు ఆడే ఉంటారు. తెరమీద ఒక ఊరి బొమ్మ కనబడుతుంది. తెల్ల కాగితంమీద నల్ల సిరాతో గీసినట్లు ఇళ్ళు, మేడలు, చెట్లు, బండ్లు, మనుషులు కిక్కిరిసి ఉంటారు. వాటి సందుల్లో నూరు పిల్లులు నక్కి ఉంటాయి. పిల్లి కనిపించిన చోట వేలితో తాకితే దానికి రంగు వస్తుంది. ఈ ఆటలో తొందర లేదు, ఓటమి లేదు. తీరికగా వెదుక్కోవడమే.

మొదటి యాభై పిల్లులు చకచకా దొరుకుతాయి. తొంభై దాటాక ఆట నెమ్మదిస్తుంది. ఇక 99 దొరికి ఒక్కటి మిగిలినప్పుడు చూడాలి మన అవస్థ! పది నిమిషాలు వెదికినా దొరకదు. అంతలో తమ్ముడు వచ్చి, "అదుగో అక్కా, గడియారం స్తంభం మీద!" అంటాడు. అది ఇంతసేపూ మన కళ్ళ ఎదుటే ఉంది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెదికినట్లయింది!

కళ్ళెదుట ఉన్న వస్తువు మనకు ఎందుకు కనిపించలేదు? మన కళ్ళలో లోపం ఉందా? లేదు. చూపు పనిచేసే తీరే అంత. అది ఎలాగో తెలుసుకుందాం.

గోరంత చూపు

మీ చేయి బారుగా చాచి బొటనవేలు నిలబెట్టండి. ఆ వేలి గోరు ఎంత మేర ఆక్రమిస్తుందో, ఇంచుమించు అంత మేరనే మన కన్ను బాగా స్పష్టంగా చూడగలదు. నమ్మకం కలగడం లేదా? ఈ పుటలో మధ్యనున్న ఒక అక్షరం మీద చూపు నిలపండి. కళ్ళు కదపకుండా అదే పంక్తి చివరనున్న మాట చదవండి. చదవలేరు.

కంటి వెనుకభాగంలో రెటీనా అనే పలుచని పొర ఉంది. దాని మధ్య ఫోవియా అనే చిన్న గుంట ఉంటుంది. సూక్ష్మమైన వివరాలను గుర్తించే కోన్ కణాలు అక్కడే దట్టంగా ఉంటాయి. పక్కలకు పోయినకొద్దీ అవి పలచబడతాయి. అందువల్ల కన్ను తన చిన్న గవాక్షాన్ని సెకనుకు సుమారు మూడుసార్లు ఒక చోటినుండి మరొక చోటికి దూకిస్తూ ఉంటుంది. ఆ దూకే క్షణంలో మెదడు చూపును దాదాపు మూసివేస్తుంది. అద్దంలో మీ ఎడమ కంటిని, వెంటనే కుడి కంటిని, మార్చి మార్చి చూసుకోండి. మీ కళ్ళు కదలడం మీకు కనబడదు. పక్కనున్న స్నేహితుడికి మాత్రం చక్కగా కనబడుతుంది.

కాబట్టి మనం ఊరి బొమ్మ మొత్తాన్ని చూశాం అనుకుంటాం గాని, నిజానికి చూసింది అక్కడక్కడ గోరంత ముక్కలనే.

నల్ల రాయి, తెల్ల రాయి

అమ్మమ్మ చేటలో బియ్యం పోసి రాళ్ళు ఏరడం చూశారు కదా! నల్లరాయి ఉంటే చూడగానే తెలిసిపోతుంది. తెల్లరాయి మాత్రం బియ్యపు గింజల్లో కలిసిపోతుంది. దానికోసం గింజ గింజనూ పరికించాలి. ఎందుకు ఈ తేడా?

యాన్ ట్రీస్‌మన్, గ్యారీ గెలాడ్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు 1980లో దీనికొక వివరణ ఇచ్చారు. వెదికే వస్తువుకు రంగువంటి ఒక్క గుణంలోనే స్పష్టమైన తేడా ఉంటే మెదడు దాన్ని బొమ్మంతటిలో ఒకేసారి పసిగడుతుంది. రెండు మూడు గుణాలు కలిపి చూస్తేనే తేడా తెలిసేటట్లయితే, ఒక్కొక్క చోటికీ దృష్టిని తీసుకువెళ్ళవలసి వస్తుంది.

మీరే పరీక్షించండి. ఒక కాగితంమీద 10 నీలి సున్నలు, వాటి మధ్య ఒక ఎర్ర సున్న గీయండి. మరొక కాగితంమీద 40 నీలి సున్నలు, ఒక ఎర్ర సున్న గీయండి. స్నేహితుడికి ఒక్కొక్కటే చూపించి, ఎర్ర సున్నను కనుక్కోవడానికి పట్టిన కాలాన్ని గడియారంతో కొలవండి. రెండింటికీ కాలం దాదాపు సమానంగా ఉంటుంది. ఇప్పుడు నీలి సున్నలు, ఎర్ర చతురస్రాలు సగం సగం కలిపి గీసి, వాటి మధ్య ఒక్క ఎర్ర సున్న దాచండి. ఇక్కడ రంగు ఒక్కటే చాలదు, ఆకారం ఒక్కటే చాలదు. అందుచేత గుర్తుల సంఖ్య పెరిగినకొద్దీ వెదికే కాలం కూడా పెరుగుతుంది.

పిల్లుల ఆట గీసిన చిత్రకారుడు చేసిన ఉపాయం ఇదే. పిల్లికి ప్రత్యేకమైన రంగు లేకుండా చేశాడు. దాని చెవులవంటి కోణాలను ఇంటి కప్పుల్లోను, తోకవంటి వంపులను కొమ్మల్లోను పెట్టాడు. అది తెల్లరాయి అయి కూర్చుంది!

కళ్ళు ప్రశ్న వెంట నడుస్తాయి

ఆల్ఫ్రెడ్ యార్బస్ అనే రష్యన్ శాస్త్రజ్ఞుడు కంటి కదలికలను నమోదు చేసి, 1965లో ఆ ఫలితాలను గ్రంథంగా ప్రకటించాడు. ఇల్యా రేపిన్ గీసిన ఒక చిత్రాన్ని ఆయన చూపించాడు. అందులో ఒక మనిషి అనుకోకుండా ఇల్లు చేరుకుంటాడు. "వీరి వయస్సులు ఎంతెంత?" అని అడిగితే చూసేవారి కళ్ళు ముఖాల మీదికి పోయాయి. "ఈ కుటుంబం స్థితిగతులు ఎలా ఉన్నాయి?" అని అడిగితే దుస్తుల మీదికి, సామాను మీదికి మళ్ళాయి. చిత్రం ఒక్కటే, చూపు నడిచిన దారులు వేరు.

మనమూ అంతే. పిల్లి గోడమీద ఉంటుంది, కిటికీలో ఉంటుంది అనే ఊహతో అక్కడికే పదేపదే పోతాం. గడియారం స్తంభం వైపు ఒక్కసారైనా పోము. ఏ ఊహా లేకుండా వచ్చిన తమ్ముడికి అది దొరికింది.

లెక్క చెప్పేవారు లేనప్పుడు

ఆటలో ఒక సౌకర్యం ఉంది. "ఇంకా 1 మిగిలింది" అని తెర చెబుతుంది. కనుక మనం ఆగము. కాని వైద్యుడు ఎక్స్-రే చిత్రం చూసేటప్పుడు అందులో ఎన్ని మచ్చలున్నాయో ఎవరు చెబుతారు? ఒక మచ్చ దొరకగానే, వెదకడం పూర్తయిందన్న తృప్తి కలిగి, రెండవది తప్పిపోయే ప్రమాదం ఉంది.

వెదికేది అరుదైనదయితే చిక్కు మరీ ఎక్కువ. 2005లో అమెరికాలో జెరెమీ వుల్ఫ్, ఆయన సహచరులు ఒక ప్రయోగం చేశారు. చిందరవందరగా ఉన్న చిత్రాల్లో ఒక పనిముట్టును కనుక్కోమన్నారు. సగం చిత్రాల్లో అది ఉన్నప్పుడు, నూటికి 7 సార్లు మాత్రమే చూపు తప్పిపోయింది. నూటికి ఒక్క చిత్రంలోనే ఉన్నప్పుడు, అది నూటికి 30 సార్లు తప్పిపోయింది! "ఉండదులే" అని మనస్సు త్వరగా ఆగిపోతుందన్నమాట.

2013లో మరొక ప్రయోగం జరిగింది. ఊపిరితిత్తుల స్కాన్ చిత్రాల్లో చిన్న గడ్డలను వెదకమని 24 మంది నిపుణులైన వైద్యులకు ఇచ్చారు. ఆ చిత్రాల్లో రహస్యంగా ఒక గొరిల్లా బొమ్మను చొప్పించారు. అది మామూలు గడ్డకంటె 48 రెట్లు పెద్దది. 20 మంది దాన్ని గమనించలేదు. వారిలో సగానికి పైగా చూపు సూటిగా గొరిల్లా మీద పడింది కూడా! వారు అశ్రద్ధ చేయలేదు. మనస్సు గడ్డలను వెదుకుతున్నప్పుడు, కన్ను చూసిన గొరిల్లా మనస్సుకు చేరలేదు.

దీనికి మందు ఏమిటి? ఒక పద్ధతి, మరొక జత కళ్ళు. బ్రిటన్‌లో రొమ్ము కాన్సర్ కోసం తీసే ఎక్స్-రేలను ఇద్దరు వేర్వేరుగా పరిశీలిస్తారు. అమ్మమ్మ కూడా బియ్యాన్ని ఒక్కసారిగా చూడదు. కొంచెం కొంచెం ముందుకు జరుపుకుంటూ, చూసినవాటిని వేరుచేస్తూ ఏరుతుంది. ఒక రాయి తప్పించుకుంటే లెక్క చెప్పేది మన పన్నే కదా!

ఈసారి ఆఖరి పిల్లి దొరకకపోతే తెరను మనస్సులో గళ్ళుగా విభజించండి. పై వరుసనుండి మొదలుపెట్టి, ఏ గడినీ వదలకుండా చూడండి. పరీక్షలో జవాబులు సరిచూసుకునేటప్పుడు కూడా ఒక తప్పు దొరకగానే కలం మూయకండి. ఇంట్లో ఎవరైనా ఎదురుగా ఉన్న కళ్ళజోడు కనబడక వెదుకుతుంటే నవ్వకండి. రెండవ జత కళ్ళు మీరే కండి.

చేసి చూడండి

ఒక కాగితం నిండా 'ద' అక్షరాలు రాసి, మధ్యలో ఒక్క 'ధ' దాచండి. ఇంకొక కాగితం నిండా 'ధ' అక్షరాలు రాసి, ఒక్క 'ద' దాచండి. దేన్ని కనుక్కోవడం సులభం? పదిమంది స్నేహితులను పరీక్షించి, కాలాన్ని పట్టికగా రాయండి.