ఒక తీగకు రెండు పరీక్షలు

వానాకాలపు ఉదయం. మందమర్రి బజారులో ఒక పాత అంబాసిడర్ కారు ఆగి ఉందనుకోండి. ఇంజను తిరుగుతోంది కాని, కుదుపులతో దగ్గుతోంది. "ఒక సిలిండరు మిస్సింగు కొడుతోంది" అంటాడు మెకానిక్కు. అంటే నాలుగు సిలిండర్లలో మూడే పనిచేస్తున్నాయన్నమాట. పెట్రోలుంది. ప్లగ్గులు కొత్తవి. మరి తప్పెక్కడ? ప్లగ్గుకు వెళ్లే తీగలో కావచ్చు.

తీగ చేసే పని

కారు బ్యాటరీ ఇచ్చేది 12 వోల్టులే. ప్లగ్గు కొనల మధ్య నిప్పురవ్వ ఎగరాలంటే వేల వోల్టులు కావాలి. ఇగ్నిషన్ కాయిల్‌లో రెండు తీగచుట్టలుంటాయి. మొదటి చుట్టలో కరెంటు టక్కున ఆగగానే, ఎన్నో రెట్లు ఎక్కువ చుట్లున్న రెండవ దానిలో ఆ వోల్టేజి పుడుతుంది. 1831లో మైకేల్ ఫారడే కనుగొన్న విద్యుదయస్కాంత ప్రేరణే ఇది. డిస్ట్రిబ్యూటరు దాన్ని నాలుగు ప్లగ్గులకూ వంతులవారీగా పంచుతుంది.

కాబట్టి ప్లగ్గు తీగకు రెండు పనులు: కరెంటును చివరిదాకా చేర్చడం, దారిలో బయటికి పోనివ్వకపోవడం. మొదటిది లోపలి వాహకం పని, రెండవది పైతొడుగు పని. పనులు రెండు కనుక పరీక్షలూ రెండు.

మొదటి పరీక్ష: లోపలి దారి

ఇంజను ఆపి, చల్లారాక, రబ్బరు టోపీని పట్టుకుని తీగను ఊడదీయాలి. తీగనే పట్టి లాగితే లోపల తెగుతుంది. రెండు కొనలకూ మల్టీమీటరు తగిలించి నిరోధం కొలవాలి. చాలా తీగల్లో రాగికి బదులు కార్బన్ కలిపిన నార ఉంటుంది. నిప్పురవ్వ రేడియో తరంగాలను పుట్టిస్తుంది. వాటివల్ల రేడియోలో వచ్చే గరగరను ఈ నిరోధం తగ్గిస్తుంది. అందువల్ల కొన్ని వేల ఓములు కనబడితే కంగారు పడనక్కరలేదు. పొడవు పెరిగితే నిరోధమూ పెరుగుతుంది. తీగను అటూ ఇటూ వంచినప్పుడు అంకె ఎగిరిపడినా, దారే లేదని మీటరు చూపినా, లోపల తెగిందన్నమాట.

రెండవ పరీక్ష: పైతొడుగు

తొడుగుకు సన్నని పగులుంటే మీటరు పట్టుకోలేదు. దాని చిన్న బ్యాటరీ వోల్టేజి ఆ పగులును దాటలేదు. వేల వోల్టులు దాటుతాయి. తడిసిన దుమ్ము వాటికి మరింత దారి ఇస్తుంది. వానరోజున జబ్బు బయటపడేది అందుకే. మెకానిక్కు చీకట్లో ఇంజను నడిపి, దూరంగా నిలబడి చూస్తాడు. పగులు దగ్గర నీలిరవ్వ కనిపిస్తుంది. ఇది మీరు చేయవద్దు. గట్టిగా షాకు కొడుతుంది, ఫ్యాను చేతిని పట్టేస్తుంది.

ఇంకా అనుమానముంటే? ఇంజను ఆపి, రెండు తీగలను రెండు కొనల వద్దా ఒకదాని స్థానంలో మరొకటి పెడతారు. జబ్బు తీగతోపాటు రెండవ సిలిండరుకు మారితే దోషం తీగదే. మారకపోతే ప్లగ్గునో మరొకదాన్నో చూడాలి.

అంబాసిడర్ల తయారీ 2014లో ఆగింది. ఇటీవలి చాలా పెట్రోలు కార్లలో ప్లగ్గు మీదే కాయిల్ ఉంటుంది, ఈ పొడుగు తీగలుండవు. మోటారు సైకిళ్లలో మాత్రం ఇప్పటికీ చూడవచ్చు.

గనిలో అదే నిప్పురవ్వ

ఇంజనులో కోరుకునే ఈ రవ్వే, మందమర్రిలో ఉన్నటువంటి భూగర్భ బొగ్గు గనుల్లో శత్రువు. బొగ్గు పొరలనుంచి మీథేను వాయువు వెలువడుతుంది. గాలిలో అది సుమారు 5 నుంచి 15 శాతం వరకు ఉంటే చిన్న రవ్వకే పేలుతుంది. 1913లో వేల్సులోని సెంగెనిడ్ గనిలో పేలుడుకు 439 మంది కార్మికులు బలయ్యారు. విద్యుత్ గంట తీగల రవ్వే కారణం కావచ్చని అనుమానించారు.

అందుకే గని కేబుళ్లకూ ఈ రెండు పరీక్షలే. లోపలి దారి సరిగా ఉందా? పైతొడుగు గట్టిగా ఉందా? రెండవదానికి 500 వోల్టులో, 1000 వోల్టులో పుట్టించే మెగ్గర్ వాడతారు. మామూలు మీటరు ఎందుకు చాలదో మీకిప్పుడు తెలుసు కదూ!

చేసి చూడండి

రెండు టార్చి సెల్లులు, ఒక టార్చి బల్బు, నిలువునా చీల్చిన పెన్సిలు తీసుకోండి. సెల్లులు, బల్బు, పెన్సిలు ముల్లు ఒకే వరుసలో వచ్చేలా తీగలతో కలపండి. ముల్లు మీద రెండు తీగల కొనలనూ దగ్గరికి, దూరానికి జరపండి. వెలుగు ఎప్పుడు తగ్గింది? కార్బన్ తీగ పొడవు మరచి నిరోధాన్ని పోల్చరాదని ఆ బల్బే చెబుతుంది.